పక్కకు తిరిగిన ముఖం

జాతరలో ఎవరి గొలుసు పోయినా అనుమానం ముందు ఎమ్మిగనూరు శివారులోని ఒక కాలనీ మగవాళ్ల మీదికే పోయేది. దొంగలన్న ఆ ముద్ర చెరపాలని, వాళ్ల ఫోటోలు తీసి ఆదోనిలో ప్రదర్శనకు పెట్టాలనుకున్నాను. మొదట కుర్చీలో కూర్చున్నది కాలనీ పెద్దాయన.

"ఈ ఫోటో యాడికి పోతాదప్పా? స్టేషనుకేనా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు.

"కాదు పెద్దాయనా, ఆదోనిలో జనం చూసేదానికి," అన్నాను. నమ్మలేదు.

ఒక ఫోటో తీశానో లేదో, నేను చెప్పకుండానే ముఖం పక్కకు తిప్పాడు. అలవాటు కొద్దీ అదీ తీశాను.

"ఎందుకు తిరిగినావు?"

"స్టేషన్లో ఇట్ల గూడా తీస్తారు గదా."

కెమెరాలో రెండూ చూపించాను. ఎదురుగా చూస్తున్న తన ముఖాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

"ఇది పెట్టుకో. రెండోది తీసెయ్, నా కండ్ల ముందరే."

తీసేసి చూపించేదాకా కుర్చీలోంచి లేవలేదు.