లంకగాలి అట్ట మీద అయిదో పేరు

“కుర్రాడన్నాడా? మైకు కుర్రాడనా? వాడికన్నా నేను రెండేళ్ళు పెద్దండి రావుగారూ. జార్జికి మీసం మొలిచేసరికి నాకు పెళ్ళి కూడా అయింది. కావాలంటే అడగండి, ఆవిడ లోపలే ఉంది.”

“మధ్యలో నన్నెందుకు లాగుతారు,” అంది జైనబ్ బీ తెర అవతలినుంచి.

పూర్ణచంద్రరావు తల దించుకున్నాడు. ఉన్నమాట చెప్పకుండా ఉండాల్సింది. కానీ సైదా అడిగాడు మరి, జార్జి తన సంగతి ఏమన్నా అన్నాడా అని. “తెనాలిలో మైకు కుర్రాడొకడుండేవాడు, వాడికీ ఒక రికార్డు ఇచ్చినట్టు గుర్తు” అని జార్జి అన్నమాట ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

పూర్ణచంద్రరావు బాపట్ల పోస్టాఫీసులో గుమాస్తా. సెలవు దొరికితే పాత రికార్డుల కోసం ఊళ్ళు తిరుగుతాడు. తెనాలి మార్కెట్టు వెనక వీధిలో జాన్ సైదా మైకు సెట్టు దుకాణానికి రావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ సైదా “అలాంటిదేదీ నా దగ్గర లేదండి” అని టీ ఇప్పించి పంపేశాడు.

ఆయన వెతుకుతున్న రికార్డు పేరు ‘లంకగాలి’. డెబ్బై మూడులో బాపట్ల కుర్రాళ్ళు నలుగురు ‘డెల్టా ఫోర్’ అని పేరు పెట్టుకుని, ఎలక్ట్రిక్ గిటార్లతో ఆరు పాటలు చేశారు. రెండొందల కాపీలు వేస్తే నలభై కూడా పోలేదు. మిగిలినవి డెబ్బై ఏడులో వచ్చిన ఉప్పెనలో గొడౌనుతో సహా నానిపోయాయి. దాన్ని అందరూ మరిచిపోయారు. మూడేళ్ళ కిందట జర్మనీలో ఎవరో ఒక గీతలు పడ్డ కాపీ నుంచి రెండు పాటలు ఇంటర్నెట్లో పెట్టేదాకా. ఇప్పుడు చెన్నైలో ఒక చిన్న కంపెనీ సీడీ వేస్తానంటోంది. కానీ గీత పడని కాపీ ఒక్కటైనా కావాలి. ఆ నలుగురిలో గిటారు వాయించిన జార్జి దగ్గరున్నది అరిగి అరిగి పాటకన్నా గరగరే ఎక్కువైంది.

మొన్న జనవరిలో జార్జి ఫొటో పేపర్లో పడింది. రేపల్లెలో తన ఇంటి అరుగు మీద, ఒళ్ళో గిటారుతో. సైదా ఆ వార్త మంగలి షాపులో చదివాడు, మసీదు నుంచి వస్తూ ఇంకోసారి చదివాడు. ప్రతిసారీ “గిర్రున తిరుగుతూ వచ్చే ఆ వింత నాదం జార్జి సృష్టి” అన్న వాక్యం దగ్గరికొచ్చి కళ్ళు ముందుకు పోయేవి కావు. టీకొట్టు వెంకట్రామయ్య “మీ పాత నేస్తమేగా సైదా, ఈ వయసులో ఎలా వెలిగిపోతున్నాడో చూడు” అన్నాడు. ఆ రోజునుంచి సైదా రోడ్డు దాటి, బాగోని టీ తాగుతున్నాడు.

“ఇంతకీ ఆ పాటల్లో ఏముందని రావుగారూ ఇంత హడావిడి?”

“వాటిని సైకెడెలిక్ రాక్ అంటారు బాబాయ్.”

“సైకిలు రాకా?”

“సైకెడెలిక్. అంటే, వింటుంటే తల తిరిగినట్టుంటుంది. శబ్దం మన చుట్టూ తిరిగి ఎటో పోయి మళ్ళీ వస్తుంది.”

“తల కాదండీ తిరిగింది. మైకు హారన్ తిరిగింది.”

అనేసి సైదా నోరు మూసుకున్నాడు. పూర్ణచంద్రరావు టీ గ్లాసు పక్కన పెట్టి, జేబులోంచి సెల్‌ఫోను తీసి, జర్మనీవాడు పెట్టిన పాటల్లో ఒకటి పెట్టాడు.

గరగరలోంచి గిటారు లేచింది. దగ్గరికొచ్చింది, చెవి పక్కనుంచి దాటింది, దూరమైంది. బెంచీ మీదున్న సైదా కుడిచెయ్యి తనంతట తనే మెలి తిరగడం మొదలుపెట్టింది. తెర పక్కకి లాగి చూస్తున్న జైనబ్ బీకి అది కనపడింది.

“ఇప్పుడు వదిలేశా,” అన్నాడు సైదా. సరిగ్గా అప్పుడే గిటారు వేగంగా చుట్టుతిరిగింది. “ముప్ఫై రెండు మెలికలు. ఇది నెమ్మది పాట. జోరు పాటకైతే యాభై.”

ఇక ఆగలేక జరిగిందంతా చెప్పేశాడు. ఆ నలుగురూ స్టూడియోకి పోయే స్తోమత లేక, మద్రాసు నుంచి టేపు మిషనుతో ఒకాయన్ని పిలిపించి, బాపట్లలో రైసుమిల్లు గొడౌన్లో రికార్డింగు పెట్టుకున్నారు. గిటారు మోగడానికి సైదా ఆంప్లిఫయరూ, సైదా హారనూ. పెళ్ళిపందిట్లో హారన్ కడితే రెండు తాళ్ళు కడతారు, గాలికి తిరక్కుండా. ఆ రోజు సంచిలో ఒక్క తాడే ఉంది. రెండోది అంతకు ముందురోజు కొల్లూరులో అరటిగెలల బండికి కట్టి మరిచిపోయాడు. ఏం పర్లేదులే అని ఒక్క పీచుతాడుతోనే దూలానికి వేలాడదీశాడు. పాట మొదలవగానే మెలిక విప్పుకుంటూ హారన్ తిరగసాగింది.

“జార్జి నన్ను తిట్టని తిట్టు లేదు. పని రానివాళ్ళని తెచ్చారన్నాడు. టేపాయన చెవులకి పెట్టుకున్నవి తియ్యకుండా, ‘ఆపకండి, మళ్ళీ తిప్పండి’ అన్నాడు. అంతే. మూడు రోజులు ధాన్యం బస్తాల మీద నిలబడి తాడు మెలేశానండి. అరచేతులు బొబ్బలెక్కాయి.”

“వారం రోజులు నేనే కలిపి పెట్టా అన్నం,” అంది జైనబ్ బీ.

“రికార్డొచ్చాక నాకోటి ఇచ్చాడు. అట్ట తిరగేసి చూశా. గిటారు జార్జి, డ్రమ్ములు అబూబకర్, ఇంకో ఇద్దరు. ఫోర్ అని పేరు పెట్టుకున్నాక అయిదోవాడెక్కడ పడతాడులెండి. ఆఖర్న చిన్నక్షరాల్లో ‘సహకరించిన మిత్రులకు కృతజ్ఞతలు’ అని ఉంది. ఆ మిత్రుల్లో టీ తెచ్చినవాడూ ఉన్నాడు.”

“అందుకే లేదన్నారా బాబాయ్?”

“లేదనే అంటున్నా.”

“బట్టల పెట్టెలో అడుగునుంది,” అంది జైనబ్ బీ. “ముప్ఫై నాలుగేళ్ళనుంచీ దాని మీదే నా పెళ్ళి చీర మడతపెడుతున్నా. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఆ పాటలు వెయ్యమంటే సూది విరిగిందనేవారు. ఏ పెళ్ళిలోనూ విరగని సూది.”

సైదా ఆవిడ వైపు చూసి, లేచి, లోపలికెళ్ళాడు. వచ్చేసరికి చేతిలో రికార్డుంది. పూర్ణచంద్రరావు అట్టలోంచి తీసి, అంచులు పట్టుకుని వెలుతురుకేసి వంచి చూశాడు. నల్లగా, నున్నగా, ఒక్క గీత లేదు. సూది ఒక్కసారి కూడా తగల్లేదు.

“ఇష్టపడ్డవాళ్ళందరూ అరగదీసేశారు బాబాయ్,” అన్నాడు మెల్లిగా. “మీరొక్కరే దాచారు.”

“దాచలేదండీ. కుళ్ళుకుని పడేశా.” సైదా ఆ మాట దాపరికం లేకుండానే అన్నాడు. “వాడి పాట నా ఇంట్లో మోగకూడదనుకున్నా. ఇప్పుడు ఫోన్లో వింటే... అందులో సగం నేనే ఉన్నా.”

సైదా రికార్డు తిరిగి తీసుకుని, భుజం మీది తువ్వాలులో చుట్టి బల్ల సొరుగులో పెట్టాడు. ఖాళీ అట్ట మాత్రం పూర్ణచంద్రరావు చేతికిచ్చాడు.

“రేపల్లె పాసింజరుకి ఇంకా టైముంది. ఈ అట్ట జార్జికి చూపించండి. నాలుగు పేర్లున్నాయిగా, వాటి కిందే చోటుంది. ‘తాడు: జాన్ సైదా’ అని రాయమనండి. మీరు రాయొద్దు, వాడి చేత్తో వాడే రాయాలి. గిటారు పక్కన తాడేంటని నవ్వుతాడు, నవ్వనివ్వండి. రాసి పంపితే రికార్డు మీదే. కృతజ్ఞతలు అని మాత్రం రాయనివ్వకండి రావుగారూ, అది ఇంతకు ముందే ఒకసారి ఇచ్చాడు.”