మూసీ హద్దురాయి మీద మా అవ్వ బట్టలు ఉతికింది

మా చిన్నప్పుడు మా అవ్వ బట్టలు ఉతికే బండ సర్కారుది...

అప్పటికే మాదాపూర్‌లో అద్దాల బిల్డింగులు లేచాయి. రాయదుర్గం వైపు గుట్టలు పేల్చుతుంటే, మూసీ ఒడ్డున మా ఇంట్లో ఉట్టి మీద గిన్నెలు కదిలేవి. ప్లాట్ల వెంచర్లు నీళ్ల దాకా వచ్చేస్తున్నాయని సర్కారు మనుషులు వచ్చారు. ఒడ్డు పొడవునా కొలిచి, హద్దురాళ్లు పాతారు. "ఈ రాళ్ల నుంచి నీళ్ల దాకా ఎవ్వరూ ఏమీ కట్టొద్దు. ఈ జాగా నదిది" అని చెప్పి పోయారు.

ఊరికి సంతోషమే. మా బర్రెలు మేసేది ఆ ఒడ్డునే. ఆ గడ్డి పోతే బర్రెలను అమ్ముకోవడమే...

కానీ రాళ్లు మరీ బాగున్నాయి. నున్నగా చెక్కినవి. మొదట యాదయ్య పెద్దనాయన ఒకటి పెకిలించి, బర్రెను కట్టేయడానికి వాకిట్లో పాతుకున్నాడు. ఇంకొకటి కల్లు కాంపౌండులో పచ్చీసు ఆడుకునే బండ అయింది. మా అవ్వ ఒకదాన్ని ఎద్దులబండి మీద తెప్పించి బావి దగ్గర వేయించింది.

"అది మూసీది గద అవ్వా" అంటే, "మూసీకి బండెందుకురా? అదేమన్న బట్టలుతుకుతదా?" అనేది.

ఎండాకాలం వచ్చేసరికి ఒడ్డున ఒక్క రాయి లేదు. పక్క వెంచర్ ఆయన పొక్లెయిన్ తెచ్చి మా గడ్డి మీద మట్టి పోయించడం మొదలుపెట్టాడు. ఊరంతా పోయి అడ్డం నిలబడింది.

"హద్దు దాటినవ్ సేటూ" అన్నాడు పెద్దనాయన.

"హద్దేది? జర చూపియ్యి పటేలా" అన్నాడు ఆయన.

పెద్దనాయన అవ్వ వైపు చూశాడు. అవ్వ ఆకాశం వైపు చూసింది.

మర్నాడు సర్కారు సర్వేయర్ కొలవడానికి వస్తాడని తెలిసి, రాళ్లన్నీ పీకి మళ్లీ ఒడ్డుకు మోశారు. తీరా పోయాక, ఏ రాయి ఎక్కడిదో ఎవరికీ గుర్తు లేదు. ఎవరికి వాళ్లు చాటుగా తెచ్చుకున్నవి కదా...

"ఎట్లాగూ పాతుతున్నం. జర అవతలికే పాతుండ్రి" అంది అవ్వ.

పెద్దనాయన సిగ్గుపడుతూనే, వెంచర్ వాళ్లు ప్లాట్లకు గీసిన సున్నపు గీత దాటించి కొంచెం లోపలికి పాతించాడు.

సర్వేయర్ వచ్చి చూశాడు. మొదటి రాయికి పేడ. రెండో రాయి మీద పచ్చీసు గళ్లు. మూడో రాయి దగ్గర వంగి వాసన చూశాడు. సబ్బు...

"మొదట్నుంచి ఇక్కడ్నే ఉన్నయా ఇవి?"

"ఎక్కడికి పోతయ్ సారూ, కాళ్లున్నయా వాటికి?" అంది అవ్వ.

వెంచర్ ఆయన పడీపడీ నవ్వాడు. "నా ప్లాట్లల్ల పాతిన్రు సార్ దొంగలు! నక్షా ప్రకారం కొలువుండ్రి" అంటూ తనే టేపు ఒక కొస అందుకున్నాడు.

మా ఊరి వాళ్లంతా వెనకాలే నడిచారు. సర్వేయర్ నక్షా పటం చూసుకుంటూ, కొలుచుకుంటూ మా రాళ్ల దాకా వచ్చాడు... ఆగలేదు. రాళ్లు దాటాడు. సున్నపు గీతలు దాటాడు. రాళ్లు మాయమయ్యాక వెంచర్ ఆయన వేసుకున్న రేకుల షెడ్డులోకి పోయి, ఆయన కుర్చీ పక్కకు జరిపి, "రాయి ఇక్కడుండాలె" అన్నాడు.

ఆయన నవ్వు ఆగిపోయింది. అవ్వ పెద్దనాయనను మోచేత్తో పొడిచింది.

"జరుపుమంటే సిగ్గుపడితివి! సూడు, మన మూసీకి మనమే తక్కువ జేసినం."

షెడ్డు లేచిపోయింది. రాళ్లను ఈసారి సిమెంటు పోసి పాతారు. ఇంకోసారి రాయి కదిలితే అందర్నీ ఠాణాకు పంపిస్తానని సర్వేయర్ గట్టిగా చెప్పాడు. అవ్వ ఆ మాట జవదాటలేదు. రాయిని కదిలించలేదు. బట్టల మూటే అక్కడికి మోసుకుపోయేది.

ఇప్పుడు అద్దాల టవర్లన్నీ ఆ రాళ్ల వరుస దగ్గరే ఆగి ఉన్నాయి. ఆదివారం ఆఫీసు పిల్లలు వచ్చి ఫొటోలు దిగుతారు. మొన్న ఒకమ్మాయి అడిగింది, "అంకుల్, గడ్డి ఇంత ఎత్తు ఉందేంటండీ... ఎవరు పెంచుతున్నారు?"

"ఎవరూ పెంచట్లేదమ్మా... మేపేవాళ్లు లేరు" అన్నాను.

ఊళ్లో ఇళ్లన్నీ కిరాయి గదులయ్యాయి. కట్టేసే జాగా లేక బర్రెలను ఒక్కొక్కటిగా అమ్మేశాం. గడ్డి మాత్రం దక్కింది...

మీ ఊరి వాగు ఒడ్డున ఏం దక్కిందో, ఎవరి పుణ్యాన దక్కిందో... తీరిక ఉంటే కింద రాయండి.