బావ వేసిన తలుపు

ఒక్క అబద్ధం. అందులో పట్టుమని పది మాటలు కూడా లేవు. దాన్ని మింగలేక, కక్కలేక ఇన్నేళ్ళు గడిపాను. ఇక నావల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అలాగైతేనే చెప్పగలను. ముందే ఒక మాట: జాలి పడకండి. నా మీద నాకే విసుగ్గా ఉంది. మీరు జాలి పడితే అది ఇంకా పెరుగుతుంది.

మాది తమిళ సీమలో, వేలూరు దగ్గర గుడియాత్తం. ఇళ్ళు కట్టే కుటుంబం. నేనూ, మా అక్క మొగుడూ ఇద్దరం మేస్త్రీలమే. కొత్త కార్లు వచ్చి పడుతున్న రోజులవి. ఉన్నవాళ్ళంతా పాత కార్లు వదిలించుకుని చిన్న చిన్న కొత్తవాటి వెంట పడ్డారు. అలా వేలూరులో ఒకాయన వదిలించుకున్నదాన్ని నేను తగిలించుకున్నాను. మా ఇంటికి అదే మొదటి కారు. అది తుప్పుల కుప్ప అని మర్నాడు తెలిసింది. అప్పటికే ఊరంతా గొప్ప చెప్పుకుని వచ్చాను.

రేకు పనిచేసే షెడ్డుకు తోలుకుపోతే సరిపోయేది. ఎందుకు పోలేదు? ఖర్చు ఒక కారణం, పొగరు ఇంకొకటి. ఊరికి మేడలు కట్టేవాళ్ళం, కారుకు పడ్డ బొక్కలు పూడ్చుకోలేమా? బంపర్లను చింతపండు, బూడిద పెట్టి ఇత్తడి బిందె తోమినట్టు తోమాను. చిరిగిన సీట్లకు మా ఊరి లుంగీ గుడ్డ కుట్టించాను. తలుపుల అంచుల్లో తుప్పుకు గోడల లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, కిటికీలకు వేసే పెయింటు బ్రష్షుతో పూశాను. అంతవరకు ఎవరికీ నష్టం లేదు, నవ్వితే నవ్వుతారు. అక్కడితో ఆగి ఉంటే మీకు ఈ సోది తప్పేది.

వెనక ఎడమ తలుపు. తలుపు వేసినప్పుడు లాకు వెళ్ళి కరుచుకునే ఇనుప బిళ్ళ ఒకటి ఉంటుంది, దాన్ని కారు ఒంటికి స్క్రూలతో బిగిస్తారు. సరిగ్గా అక్కడే రేకు పొడిపొడిగా రాలిపోయింది. స్క్రూ తిప్పితే పట్టడం లేదు. గోడకు ఫోటో తగిలించాలంటే మేమేం చేస్తాం? బొక్క తవ్వి, చెక్క ముక్క దిగ్గొట్టి, చుట్టూ సిమెంటు కూరి, అందులో స్క్రూ తిప్పుతాం. అదే చేశాను. కారుకు! పైగా గోడకు పెట్టినట్టు తడిగోనె పెట్టి నీళ్ళు కూడా పట్టాను. తుప్పుకు నీళ్ళు పట్టిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా? గోడ నిలబడి ఉంటుంది, కారు కదులుతుంది. ఈ ముక్క నా బుర్రకు తట్టలేదు. తలుపు వేసి చూస్తే ఠక్కున పడింది. చాలనుకున్నాను.

పొన్నైలో చుట్టాల ఇంట చెవులు కుట్టే వేడుకకు అందులోనే వెళ్ళాం. కారు భలే ఉందని అందరూ అంటుంటే ఉబ్బిపోయాను. తిరుగు ప్రయాణంలో బావ నడిపాడు. మా ఇంట్లో ఆయనంత నింపాదిగా నడిపేవాళ్ళు లేరు. నేను ముందు సీట్లో, అక్క వెనక ఒక్కతే. బయలుదేరే ముందు బావ కారు చుట్టూ తిరిగి ఒక్కో తలుపూ నెట్టి చూశాడు, అది ఆయన అలవాటు. నేను కళ్ళారా చూశాను. పళ్ళికొండ దగ్గర పెద్ద రోడ్డు వదిలి మా ఊరి దారికి తిప్పుతుంటే చక్రం గుంతలో పడి బండి ఎగిరింది. వెనక ఏదో విరిగిన చప్పుడు. తిరిగి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. సీట్లో అక్క లేదు.

బతికింది. దేవుడి దయ అన్నారందరూ, సిగ్గు లేకుండా నేనూ అన్నాను. ఎడమ మోచెయ్యి ముక్కలైంది. దారిన పోయే వ్యాను ఆపి బావ ఆమెను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను కారు దగ్గర ఉండిపోయాను. అప్పుడు చూశాను. ఇనుప బిళ్ళ కారుకు లేదు, తలుపు లాకులో ఉంది. లాకు దాన్ని గట్టిగా కరుచుకునే ఉంది. స్క్రూలకు నా సిమెంటు అంటుకుని ఉంది. అంటే ఏమిటి? బావ తలుపు సరిగ్గానే వేశాడు. ఊడింది నా పనితనం. అటూ ఇటూ చూశాను. హ్యాండిల్ నొక్కి బిళ్ళను బయటికి లాగాను, సిమెంటు గోకేశాను, దాన్ని మునుపటి చోటే అదిమి పెట్టాను. తలుపును తువ్వాలుతో కట్టి కారు ఇంటికి తెచ్చాను.

మర్నాడు ఆసుపత్రి వరండాలో బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చొక్కా మీద అక్క రక్తం ఇంకా అలాగే ఉంది.

"నాయనా, ఆ డోరు నేను సరిగా ఏసినానా లేదా? నాకు ఏసినట్టే గ్యాపకం. నువ్వు బండి చూసినావు కదా, చెప్పప్పా."

"లాకు బాగానే ఉండాది బావా," అన్నాను. "డోరే సరిగా పడలేదు."

నా చెయ్యి వదిలేశాడు. "అట్లయితే మీ అక్కను నేనే పడదోసినాను గదప్పా," అన్నాడు.

నన్ను అనుమానించలేదు. అదే నా ఒళ్ళు మండిస్తుంది. ఒక్కసారి ఎదురు ప్రశ్న వేసి ఉంటే, "పద, బండి చూద్దాం" అని ఉంటే, అక్కడే తేలిపోయేది. తన చేతులతో చేసింది వదిలి నా నోటి మాట నమ్మాడు. అంత నమ్మకం పెట్టుకోమని ఎవరు చెప్పారు ఆయనకు? చూశారా, ఇప్పుడు కూడా తప్పు ఆయన మీదికే నెడుతున్నాను.

ఎందుకు చెప్పలేదు? అప్పుడే సొంతంగా మొదటి ఇల్లు కట్టడానికి ఒప్పుకుని ఉన్నాను. కారులో నిలవని వీడి సిమెంటు ఇంట్లో ఏం నిలుస్తుంది అంటారని భయం. సరే, ఆ ఇల్లు పూర్తయ్యాక చెప్పొచ్చు కదా? అక్క చెయ్యి బాగయ్యాక చెబుదామనుకున్నాను. చెయ్యి బాగుపడలేదు, మోచెయ్యి ఈనాటికీ వంగదు. ఆమె జడ బావే వేస్తాడు. ఆ ముతక చేతులతో, తాపీ పట్టిన చేతులతో, పాయలు తీసి నిదానంగా అల్లుతాడు. ఆయన మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. కోపం వచ్చినప్పుడు అక్క "తలుపేయడం చేతగాని మనిషి" అంటుంది. ఆటో ఎక్కినా, బీరువా మూసినా, ఆయన తలుపు లాగి చూస్తాడు, మళ్ళీ లాగి చూస్తాడు. "చాల్లే బావా, పడింది!" అని నలుగురిలో ఆయన్ను కసిరేది ఎవరనుకున్నారు? నేనే.

ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పేస్తాను. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, కానీ ఇక్కడి చదువులు తమిళంలో. చిన్నప్పుడు చిత్తూరులో అమ్మమ్మ దగ్గర చదివాను కాబట్టి ఈ అక్షరాలు నాకొక్కడికే వచ్చు. బావకు రావు, అక్కకూ రావు. ఈ కాగితం తెచ్చి వాళ్ళ ఒళ్ళో పెట్టినా చదవలేరు. అదీ నా ధైర్యం. ఛీ అనాలనిపిస్తే అనండి.

అయినా, రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. క్షమించమని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. కానీ ఒక్క మాట లోకంలో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి, ఆయన చదవలేని అక్షరాల్లోనైనా సరే.

బావా, నువ్వు డోరు సరిగానే ఏసినావు.