ముందు ఖాళీ ట్రిప్పు

మా ఆయన నన్ను బండి ఎక్కించుకునే ముందు ఒక్కడే ఒక చుట్టు తిరిగొచ్చేవాడు. నేను చీర మార్చుకుని, సంచి సర్దుకుని, తాళం వేసి క్వార్టర్ ముందు నిలబడాలి. ఆయన కిక్కు కొట్టి మా లైను చివర నీళ్ల ట్యాంకు దాకా వెళ్లి, అక్కడ ముందు బ్రేకు, వెనక బ్రేకు పట్టి చూసుకుని, హారన్ కొట్టి, తిరిగొచ్చి నా ముందు ఆగేవాడు.

"ఖాళీ ట్రిప్పు అయింది. ఇగ ఎక్కు."

పక్క క్వార్టర్ అక్కకు ఇది రోజూ దొరికే వేడుక. "ఏం చెల్లె, మరిది నిన్ను మర్చిపోయి పోయిండా?" అని వాకిట్లోంచి కేకేసేది. నాకు ఒళ్లు మండేది. మార్కెట్‌కు వెళ్లి వంకాయలు తెచ్చుకోవడానికి ఇంత తతంగమా?

గోదావరిఖనిలో మేము గనిని బాయి అంటాం. మా ఆయన బాయి మీద వైండింగ్ ఇంజను నడిపేవాడు. మనుషుల్ని ఒక ఇనుప డబ్బాలో నిలబెట్టి, తాడు మీద నిట్టనిలువునా భూమిలోకి దించి, డ్యూటీ అయ్యాక మళ్లీ పైకి తేవడం ఆయన పని. షిఫ్టు మొదట మనుషులు ఎక్కేముందు ఆ డబ్బాను ఖాళీగా ఒకసారి కిందికి పంపి పైకి తేవాలి. తాడు, బ్రేకులు సరిగ్గా ఉన్నాయని తేలాకే మనుషులు. ఆయన ఆ అలవాటును డ్యూటీ బట్టలతో పాటు గేటు దగ్గర వదిలి రాలేదు, ఇంటికి తెచ్చాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఆ డబ్బా దగ్గర నిలబడ్డ మనిషి గంట కొట్టి ఇంజను గదికి కబురు చెప్తాడు. నడుస్తున్నప్పుడు ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడు కొడితే మనుషులు ఎక్కబోతున్నారని. ఆ మూడింటికి ఇంజను నడిపేవాడు తిరిగి మూడు కొట్టి జవాబు ఇవ్వాలి. జవాబు రానిదే ఎవరూ కాలు లోపల పెట్టరు. మా బండి మీద కూడా అదే చట్టం. నేను వెనక కుదురుగా కూర్చుని, కొంగు చక్రంలో పడకుండా ఒళ్లోకి లాక్కుని, ఆయన వీపు మీద మూడుసార్లు తట్టాలి. ఆయన హారన్ మూడుసార్లు నొక్కాలి. అప్పుడు గేరు. నేను తట్టడం మర్చిపోతే క్లచ్ పట్టుకుని అట్లాగే కూర్చునేవాడు, బండి గుడగుడలాడుతూ ఉండేది.

"మనం పోయేది పాతాళానికి కాదయ్యా, అంగడికి" అన్నాను ఒకసారి.

"బాయిలకంటె రోడ్డు మీదనే ఎక్కువ సస్తున్నరే. బాయిల గంట కొట్టెటోడన్న ఉంటడు. ఈడ ఎవడున్నడు?"

ఏం చెప్పినా ఒప్పుకునే మనిషి కాదు.

అయితే అన్నీ తెలిసిన ఆ మనిషే మొదట్లో బండి మీద బాయి టోపీ పెట్టుకుని తిరిగేవాడు. మా దగ్గర చాలామంది అదే చేసేవారు. "అది మీద నుంచి రాయి పడితే కాపాడే టోపీ. నువ్వే పోయి రాయి మీద పడితే ఏం చేస్తది?" అని అడిగాను. ఆ సాయంత్రమే అసలైన హెల్మెట్లు రెండు తెచ్చాడు. నాది పెట్టుకుంటే జడ ముడి అడ్డం వచ్చేది. అప్పటి నుంచి ముడి కిందికి దించుకున్నాను.

మా బిడ్డకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చిన రోజు ఒక ముచ్చట జరిగింది. కాగితాలన్నీ ఇచ్చి, బిడ్డను బస్సెక్కించి, మేమిద్దరం బండి మీద ఇంటికి వస్తున్నాం. బిడ్డను అక్కడిదాకా చదివించింది ఈయన పట్టుదలే. నాకు ఆనందం ఆగక, శెభాష్ అన్నట్టు వీపు మీద ఒక్కటి చరిచాను. ఒకటంటే ఆపు కదా. ఆయన ఉన్నచోటనే బ్రేకు పట్టాడు. రోడ్డు పక్కన పేరుకున్న బొగ్గుపొడి మీద టైరు జారి ఇద్దరం పక్కకు ఒరిగాం. వెనక వస్తున్న ఆటో తప్పుకుని తిట్టుకుంటూ పోయింది. లేచి చూస్తే మా ఆయనకు పళ్లు తప్ప అంతా నలుపే.

"ఎందుకు ఆపమన్నవే?" అన్నాడు.

"నేను ఆపమనలే. మురిసిపోయిన."

ఆయన బండి లేపి నిలబెట్టాడు. "మురిసేది ఇంట్ల మురువు. బండి మీద ఒకటంటె ఆగుడే" అన్నాడు. మోకాలు మండుతున్నా ఇల్లు చేరేదాకా నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆదివారం బండి పని. వాకిట్లో నడిమి స్టాండు వేసి, పాత పేపరు పరిచి కూర్చునేవాడు. చైనుకు కిరసనాయిలు పూసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆయిలు చుక్కలు వేసేవాడు. చైను కింద వేలు పెట్టి పైకి ఎత్తి, ఎంత ఆడుతుందో చూసేవాడు. మరీ బిగిస్తే తెగుతుంది, మరీ వదిలితే ఊడుతుంది, సంసారం లాగానే అనేవాడు నా వైపు చూడకుండా. నేను అరుగు మీద బియ్యం ఏరుతూ వినేదాన్ని. చివర్లో స్పోకులు. చక్రం మెల్లగా తిప్పుతూ ఒక్కొక్క స్పోకును స్క్రూడ్రైవర్‌తో తట్టేవాడు. బిగువుగా ఉన్నది టింగుమనేది. వదులైంది టప్పుమనేది. వయసులో ఉన్నప్పుడు కింద పనిచేసినవాడు కాబట్టి, బాయి కప్పును కర్రతో తట్టి గట్టిదో బోలుదో చెప్పే విద్య ఆయనకు ఉంది. "తడితె ఏదైన నిజం చెప్తది, మనకు చెవులుండాలె" అనేవాడు.

ఆ చెవులే తర్వాత తర్వాత మొరాయించాయి. టీవీ సౌండు పెరిగింది. మాట పెద్దదైంది. వెనక టిప్పర్ హారన్ మోగిస్తున్నా బండి పక్కకు తీసేవాడు కాదు, నేనే ఎడమ భుజం గుంజాల్సి వచ్చేది. మొండితనం అనుకున్నాను. "ఇంజను సప్పుడు చెవుల్ల కూసున్నది, జెరసేపు ఆగితె పోతది" అనేవాడు. చెవిటోని ముందర శంఖమూదినట్టుంది నా బతుకు అని ఎన్నోసార్లు విసుక్కున్నాను. తర్వాత ఆ సామెత మళ్లీ నా నోట రాలేదు.

రాష్ట్రం కోసం సమ్మె కట్టిన రోజులు వచ్చాయి. బాయిలన్నీ బందయ్యాయి. బొగ్గు మోసే బెల్టుల రొద లేదు, టిప్పర్లు లేవు, సైరన్ లేదు. మా కాలనీలో ఇన్ని పిట్టలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. చేతికి పని లేక మా ఆయన బండిని విప్పడం, బిగించడం మొదలుపెట్టాడు.

ఒక ఉదయం స్పోకులు తడుతున్నాడు. టింగ్, టింగ్, టింగ్. ఒకటి టప్పుమంది. ఆయన చెయ్యి ఆగకుండా పక్కదానికి వెళ్లిపోయింది.

"అది వదులైంది" అన్నాను వెనక నుంచి. తిరిగి చూడలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. ఆయన తట్టుకుంటూ పోతూనే ఉన్నాడు. వాకిట్లో పిట్టల కూత తప్ప వేరే చప్పుడు లేదు. నెపం వేయడానికి ఇంజను చప్పుడూ లేదు.

బియ్యం చాట పక్కన పెట్టి, ఆయన ఎదురుగా వెళ్లి కూర్చున్నాను. స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ స్పోకును తట్టాను. ఆయన చక్రం వైపు చూడలేదు, నా ముఖం వైపు చూశాడు. తర్వాత వేళ్లతో పట్టి కదిపాడు. అది ఊగింది.

"మంచిగనే మోగింది గదనే" అన్నాడు.

"మోగలే."

పక్క క్వార్టర్‌లో అక్క భర్త దగ్గుతూ పళ్లు తోముకుంటున్నాడు. సమ్మె లేకపోతే మా ఆయన దించే ఆ డబ్బాలోనే ఆయన రోజూ కిందికి పోతాడు.

"బాయి గంట ఇనవడ్తుందా?" అని అడిగాను.

"అది పెద్ద గంట. ఇనవడ్తది."

"ఎన్నడన్న తప్పిందా?"

"తప్పలే." గొంతు తగ్గించబోయి అది కూడా చేతకాక, గట్టిగానే అన్నాడు. "ఒక్కసారి రెండా మూడా అని అనుమానమైంది. మల్ల కొట్టిచ్చుకున్న."

రెండంటే దించు. మూడంటే మనుషులు ఎక్కుతున్నారు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టిన మనిషి నా కళ్ల ముందు నిలబడ్డాడు.

"నువ్వే చెప్పాలె" అన్నాను. "పోయి నువ్వే చెప్పాలె, చెవులు వోయినయని."

"ఆ కుర్సీల నుంచి లేస్తె నేనేం మనిషినే? గిన్నేండ్లు ఒక్క పానానికి దెబ్బ తగలనియ్యలే."

ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ కలిసి ఒకే మాట వచ్చింది. "మల్ల నన్ను రోజు వాకిట్ల నిలవెట్టి ఖాళీ ట్రిప్పు ఎందుకు కొడ్తవు? అనుమానం తీరకుంట మనిషిని ఎక్కియ్యద్దనే గద?"

ఆయన స్పోకు బిగించాడు. స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి, "తట్టు. ఎట్లున్నదో చెప్పు" అన్నాడు.

తట్టాను. "ఇప్పుడు మంచిగుంది" అన్నాను.

సమ్మె విరమించాక మొదటి డ్యూటీకి ఆయన అందరికంటే ముందు వెళ్లాడు. ఇంజను గదికి కాదు, ఇంజనీరు దగ్గరికి. తన నోటితో తానే చెప్పాడు. కంపెనీ దవాఖానలో చెవులు చూశారు. లాంపు రూములో వేశారు, కిందికి పోయేవాళ్లకు తల దీపాలు ఇచ్చి, వచ్చాక తీసుకునే పని. ఇంటికొచ్చి టిఫిన్ డబ్బా గూట్లో పెట్టి, "అందరు అచ్చి నా చేతుల నుంచే దీపం తీస్కపోయిండ్రు" అన్నాడు. అది దుఃఖమో తృప్తో నాకు తెలియలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

కొన్నాళ్లు బండి ముట్టలేదు. సీటు మీద బొగ్గుపొడి పేరుకుంది. ఒకరోజు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఎనుక నుంచి అచ్చేది నాకు ఇనవడ్తలేదు. నువ్వు నేర్సుకో."

నలభై దాటిన ఆడమనిషి గేరు బండి నేర్చుకోవడం మా కాలనీకి పండగే అయింది. పంజాబీ డ్రెస్ వేసుకుని గ్రౌండులో క్లచ్ వదిలితే బండి కప్పలా ఎగిరి ఆగిపోయేది. ఆయన పక్కన పరుగెత్తుతూ లోకమంతా వినేట్టు అరిచేవాడు. "బ్రేకులు రెండు ఒక్కసారె, మెల్లగ! బొగ్గుపొడి మీదికి పోయినంక వట్టకు, ముందుగాల్నె తగ్గించుకో!" ఎందుకు నేర్చుకుంటున్నానో ఆ అరుపులతోనే ఊరందరికీ తెలిసింది. లైసెన్సు చేతికొచ్చేదాకా రోడ్డు ఎక్కనివ్వలేదు.

రాష్ట్రం వచ్చిన ఆ ఎండాకాలం, గోదావరి బ్రిడ్జి దాటి జైపూర్ అవతల ఉన్న మా తల్లిగారింటికి బయల్దేరాం. నేను చైను చూశాను, గాలి చూశాను. ఆయన్ను సంచితో క్వార్టర్ ముందు నిలబెట్టి, నీళ్ల ట్యాంకు దాకా ఒక్కదాన్నే వెళ్లి, రెండు బ్రేకులూ పట్టి చూసుకుని, హారన్ కొట్టి తిరిగొచ్చాను.

"ఏం మరిది, మా చెల్లె నిన్ను మర్చిపోయి పోయిందా?" అని అరిచింది పక్కింటి అక్క. ఆయనకు వినబడలేదు. అయినా నవ్వాడు.

వెనక కూర్చుని నా వీపు మీద మూడుసార్లు తట్టాడు. నేను హారన్ మూడుసార్లు నొక్కాను. గేరు వేయబోతుంటే మళ్లీ మూడుసార్లు తట్టాడు. ఎందుకో అర్థం కాలేదు. మళ్లీ నొక్కాను. మళ్లీ తట్టాడు, ఈసారి కొంచెం మెల్లగా. నా జవాబు ఆయనకు అందలేదని అప్పుడు తెలిసింది.

బండి న్యూట్రల్‌లోనే ఉంది. చెయ్యి వెనక్కి చాపి ఆయన మోకాలి మీద మూడుసార్లు తట్టాను.

"ఆఁ, ఇనవడ్డది" అన్నాడు.