కత్తెర పట్టని చెయ్యి

బట్టలు కుట్టే ఆ కొట్లో ఇరవై రెండేళ్ళుగా గుడ్డ కత్తిరించేది ఆయనొక్కడే. అందరూ మాస్టరు అని పిలిచేవాళ్ళు. కుట్టేవాళ్ళు మారారు, మెషిన్లు మారాయి, గోడల రంగు రెండుసార్లు మారింది. కటింగ్ బల్ల వెనక మనిషి మాత్రం మారలేదు. సుద్దతో గీసిన గీత మీద ఆయన కత్తెర ఎక్కడా ఆగేది కాదు. అలాంటి మనిషి చెయ్యి ఉన్నట్టుండి కొయ్యబారిపోవడం మొదలుపెట్టింది.

వింత ఏమిటంటే అది కత్తెర పట్టినప్పుడే. అదే చెయ్యి గ్లాసు ఎత్తేది, తలుపు గొళ్ళెం తీసేది, చొక్కా గుండీలు పెట్టుకునేది. కత్తెరలో వేళ్ళు దూరగానే బొటనవేలు బిగుసుకుని, మణికట్టు రాయిలా అయ్యేది. మొదట్లో గుడ్డ మంచిది కాదన్నాడు. తర్వాత కత్తెర పదును తగ్గిందన్నాడు. పదును పెట్టించి తెచ్చినా గీత మొదట్లోనే ఆగిపోయాడు.

"మాస్టరుగారి చెయ్యి సమ్మె చేస్తోంది. కోరికలేంటో కనుక్కోండయ్యా," అన్నాడు కాజాలు తీసే అతను. అందరూ నవ్వారు. మాస్టరూ నవ్వాడు. నవ్వకపోతే ఇంకేదో అడుగుతారని భయం.

నరాల డాక్టరు పరీక్షలన్నీ చేసి, నరాలు శుభ్రంగా ఉన్నాయని చెప్పి, చీటీ మీద ఇంకో గది నంబరు రాసిచ్చాడు. రెండో అంతస్తు, వరండా చివర, హిప్నోథెరపీ.

"రేపే వెళ్దాం పదండి," అంది భార్య. "నిద్రలో పెట్టి లోపలున్నదంతా కక్కిస్తారట. బయటికొచ్చేస్తే చెయ్యి అదే వదులుతుందట."

ఆవిడ ధైర్యం చెబుదామనే అంది. ఆయన మాత్రం రేపు కొట్లో పనుందన్నాడు. రేపు అన్నది వచ్చే వారమైంది, వచ్చే వారం ఇంకో వారమైంది. చివరికి కొట్టు ఓనరే పిలిచి చెప్పాడు. "మాస్టరూ, ఒకటో తారీఖుదాకా చూస్తాను. ఆ తర్వాత ఇంకొకర్ని తెచ్చుకోక తప్పదు, తప్పుగా అనుకోకండి." అప్పుడు బయలుదేరాడు, పళ్ళు బిగించి. నోరు జారకూడదు. అదొక్కటే దారంతా అనుకున్నాడు.

ఆయన లోపల ఉన్నది ఒక కోటు.

వేదికల మీద పాడే ఒకాయన కుట్టించుకున్న నేరేడు రంగు వెల్వెట్ కోటు అది. వెల్వెట్‌కి నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా వాలుతుంది, ఎదురు నిమిరితే లేచి రంగు ముదురుగా కనిపిస్తుంది. అందుకని ముక్కలన్నీ ఒకే వాలుకి కత్తిరించాలి. కొత్తగా చేరినవాడికి మొదటి రోజే చెప్పే సంగతి ఇది. ఆ రోజు గుడ్డ కాస్త తక్కువ పడింది. కుడి ముందుభాగం కాగితపు అచ్చును తలకిందులుగా పెడితే సరిపోతుందనిపించింది. పెట్టాడు, కత్తిరించాడు. కొట్లో ట్యూబులైటు కింద ఎవరికీ తేడా తెలియలేదు. వేదిక దీపాల కింద మాత్రం కోటు కుడి సగం నల్లగా కనిపించిందట. పాడే ఆయన మర్నాడే కోటు తెచ్చి బల్ల మీద విసిరి వెళ్ళాడు.

తప్పు ఎప్పుడూ బల్ల మీది నుంచి కిందికే దొర్లుతుంది. అందరికన్నా కింద ఉన్నది ఇస్త్రీ బాబాయి. అరవై దాటిన మనిషి, ఎవరికీ వరసకు బాబాయి కాడు, అందరికీ బాబాయే. వెల్వెట్‌ని ఎక్కువ నొక్కితే నూగు చచ్చి రంగు మారుతుందని అందరికీ తెలుసు. బాబాయి కోటు పట్టుకుని చూసుకుని, "కాస్త గట్టిగా నొక్కానేమో," అన్నాడు తనే.

ఓనరు ఒకసారి మాస్టరు వైపు తిరిగాడు. "కటింగ్‌లో ఏమైనా తేడా ఉందా మాస్టరూ?"

"కటింగ్ సరిగ్గానే ఉంది," అన్నాడు మాస్టరు.

మూడు మాటలు. ఓనరు ఇక పనిలోకి రావద్దనేశాడు. ఆ సాయంత్రం బాబాయి తన నీళ్ళ సీసా, తడిగుడ్డ, చెడిపోయిన కోటు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కోటు తనే అడిగి తీసుకున్నాడు. వారం తిరగకుండానే మాస్టరు చెయ్యి బిగుసుకుంది.

హిప్నోథెరపీ గదిలో గిరగిర తిరిగే చక్రాలు, ఊగే గొలుసులు ఏమీ లేవు. వెనక్కి వాలే కుర్చీ, బల్ల, ఒక కర్టెను. కర్టెను అంచు మడత వంకరగా కుట్టి ఉంది. జలుబుతో ముక్కు తుడుచుకుంటున్న డాక్టరమ్మ జుట్టులో పెన్ను గుచ్చుకుని ఉంది.

"నిద్రపోతానాండీ?"

"నిద్రొస్తే ఇంట్లో పడుకోండి, దానికి ఇంత దూరం ఎందుకు?" అందావిడ. "మీరు గుడ్డ కత్తిరించేటప్పుడు పక్కన ఎవరైనా మాట్లాడితే వినిపిస్తుందా?"

"వినిపిస్తుంది. పట్టించుకోను."

"ఇదీ అంతే. మనసు ఒక గీత మీద నిలబడుతుంది, మిగతావి పక్కకి జరుగుతాయి. అప్పుడు ఒంటికి చెప్పిన మాట తేలిగ్గా ఎక్కుతుంది. నేర్పడం నా పని, చెయ్యడం మీ పని."

"నోటికొచ్చిందల్లా వాగేస్తారని మా ఆవిడ..."

"వాగరు. చెప్పకూడదనుకున్నది చెప్పరు. కావాలంటే అబద్ధం కూడా ఆడొచ్చు. వద్దనుకుంటే లేచి వెళ్ళిపోవచ్చు, తలుపుకి గడియ కూడా వెయ్యను."

ఇంకా చెప్పింది. ఏళ్ళ తరబడి వదలని నొప్పులకు, దిగులు పడితే పట్టేసే కడుపుకు, సూది చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళకు, పన్ను పీకించుకోవడానికి భయపడేవాళ్ళకు ఇది పనికొస్తుందట. కొందరికి బాగా, కొందరికి అంతంతమాత్రం. విరిగిన ఎముకను అతకదు. ఇది చేస్తున్నామని వేసుకునే మందులు మానకూడదు. అడ్డమైనవన్నీ నయం చేస్తానని బోర్డు పెట్టుకునేవాళ్ళ దగ్గరికి పోవద్దని కూడా చెప్పింది. చివరికి, "ఎప్పటి నుంచి ఇలా? దానికి ముందు ఏమైనా జరిగిందా?" అని అడిగింది.

"ఏమీ లేదండీ," అన్నాడు.

ఆవిడ తలూపి రాసుకుంది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. అయితే ఊపిరితో పాటు ఇంకేదో కూడా లోపలికి దిగినట్టనిపించింది. అదేమిటో అప్పుడు అర్థం కాలేదు.

చూపు ఒకచోట నిలపమంటే ఆయన ఆ వంకర అంచు మీదే నిలిపాడు. ఆవిడ గొంతు మెల్లగా, తొందర లేకుండా సాగింది. రెప్పలు బరువెక్కాయి. కుర్చీ చేతి మీదున్న కుడిచెయ్యి లైనింగ్ గుడ్డంత తేలికైంది. బయట ఎవరో బకెట్టు ఈడ్చుకెళ్ళడం వినిపించింది, మనసుకు పట్టలేదు. మీ కటింగ్ బల్ల దగ్గరికి వెళ్ళండి అంది. వెళ్ళాడు. బల్ల ఉంది, సుద్ద ఉంది. వెనక తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించిన వాసన కూడా ఉంది. ఆయన వెనక్కి తిరగలేదు.

రోజూ ఇంట్లో పది నిమిషాలు అలాగే సాధన చేశాడు. మూడోసారికి పాత న్యూస్‌పేపరు మీద కత్తెర నడిచింది. నాలుగోసారి వెళ్ళేనాటికి చొక్కాలు కత్తిరిస్తున్నాడు. కాజాలతను చప్పట్లు కొట్టాడు. ఓనరు వీపు తట్టాడు. ఒకటో తారీఖు మామూలుగా దాటిపోయింది. భార్య పక్కింటావిడకు ఈ సంగతి చెప్పుకుని మురిసిపోయింది. భార్య ముఖం చూడలేక ఆయన చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాడు.

చెయ్యి మొండికేసినన్నాళ్ళు కనీసం ఏదో శిక్ష అనుభవిస్తున్నట్టుండేది. ఇప్పుడు అదీ లేదు.

ఆ నాలుగోసారే ఆఖరిది. కుర్చీలోంచి లేవబోతూ ఆగాడు. "నా చెయ్యి ఎందుకు బిగుసుకుందో మళ్ళీ అడగలేదేంటండీ మీరు?"

"మొదటిరోజు అడిగాను. ఏమీ లేదన్నారు."

"నిద్రలో ఉన్నప్పుడు అడిగుంటే చెప్పేసేవాణ్ణి."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. "మీరు మేలుకునే ఉన్నారు మాస్టరుగారూ. నాలుగుసార్లూ."

ముఖం చెవుల దాకా కాలిపోయింది. నోరు జారుతుందని భయపడుతున్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అసలు దిగులు, జారలేదని. ఎవరో తన నోట్లోంచి లాగేస్తే, చెప్పింది తను కాదు, మత్తు అనుకుని బతికెయ్యొచ్చు. చెప్పడం కూడా ఇంకొకరి మీదికి నెట్టెయ్యాలనుకున్నాడు, కోటును నెట్టేసినట్టే.

ఆసుపత్రి నుంచి నేరుగా బాబాయి ఉండే చోటికి వెళ్ళాడు. మేడమెట్ల కింద ఒక గది, అందులో సగం ఇస్త్రీ బల్లే. బల్ల మీద ఆ నేరేడు రంగు కోటే ఉంది. బాబాయి దాని కుడి సగానికి కెటిలు ఆవిరి పట్టిస్తూ మెత్తటి బ్రష్షుతో నూగు లేపుతున్నాడు.

"రా మాస్టరూ. చెయ్యి బాగైందటగా," అన్నాడు చూడకుండానే. "రోజూ కాసేపు పట్టిస్తున్నా. నూగు చావలేదు, చక్కగా లేస్తోంది. రంగు మాత్రం కలవదు. నలభై ఏళ్ళు ఇస్త్రీ చేశాను, ఎక్కడ చెడగొట్టానో అంతు చిక్కట్లేదు."

మాస్టరు బ్లేడు అడిగాడు. కుడి ముందుభాగం కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. ముక్క చేతికి వచ్చాక, దాన్ని తలకిందులు చేసి కోటు ఎడమ ముందుభాగం పక్కన పెట్టాడు.

రెండూ ఒకే రంగు.

బాబాయి అరచేత్తో ఒకటి నిమిరాడు, రెండోది నిమిరాడు. చాలాసేపు నిమిరాడు.

"నూగు ఎదురు తిరిగినట్టు మొదట్లోనే చేతికి తగిలింది," అన్నాడు. "నీ కటింగ్ కదా, అట్లా ఎందుకుంటుందిలే అనుకున్నా. నాకే చెయ్యి మొద్దుబారిందేమో అనుకున్నా."

"నాకు తెలుసు బాబాయ్. ఆ రోజే తెలుసు."

"నాకెందుకు చెప్తున్నావు?"

మాస్టరు తెంపిన దారప్పోగులు బల్ల మీంచి ఏరసాగాడు.

"తప్పు నాదని తేల్చింది ఇక్కడ కాదుగా. అక్కడ, అందరి ముందు. అక్కడ చెప్పు." బాబాయి ఊడదీసిన ముక్కను కోటులో పెట్టి చుట్టి చేతికిచ్చాడు. కూర్చోమనలేదు. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు.

మర్నాడు పొద్దున మెషిన్లు మొదలవకముందే మాస్టరు కోటు బల్ల మీద పరిచాడు. అచ్చు తలకిందులుగా పెట్టింది తనే అని, తెలిసే దాచానని చెప్పాడు. ముక్క తిప్పి చూపించాడు. కాజాలతను దగ్గరికొచ్చి రెండు వైపులా నిమిరి చూసుకున్నాడు. బాబాయి ఇస్త్రీపెట్టె ముందు ఇప్పుడు నిలబడుతున్న కొత్తతను తల దించుకున్నాడు, తప్పు తనదే అయినట్టు.

"ఇప్పుడెందుకు మాస్టరూ ఇదంతా?" అన్నాడు ఓనరు గొంతు తగ్గించి. "చెయ్యి బాగైంది, పని నడుస్తోంది. అయిపోయిన సంగతి."

"బాబాయికి ఫోను మీరు చేస్తారా, నన్ను చెయ్యమంటారా?"

ఓనరు విసుక్కుంటూనే చేశాడు. స్పీకరులో బాబాయి గొంతు వచ్చింది. ఓనరు నసుగుతూ సంగతి చెప్పి, రమ్మన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"మాస్టరే."

"అందరూ విన్నారా?"

"విన్నారు బాబాయ్."

"సరే," అన్నాడు బాబాయి. వస్తాననలేదు, రాననలేదు. ఫోను పెట్టేశాడు.

మెషిన్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి. బల్ల మీద చొక్కా గుడ్డ ఎదురుచూస్తోంది. మాస్టరు గీత గీసి కత్తెర తీసుకున్నాడు. చెయ్యి బిగుసుకోలేదు. కత్తెర గీత మీద ఎప్పటిలా సాఫీగా వెళ్ళింది. నిజం దాచుకుని ఉన్న నిన్నా అది ఇలాగే వెళ్ళింది. అందుకు కూడా ఆయనకు సిగ్గేసింది.