గేదెతోక గన్నేరు

మంగళవారం పొద్దున చర్చి గంట మోగింది. కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నవాళ్ళంతా తలలెత్తి నా వంక చూశారు. వాళ్ళ తప్పేం లేదు. ఒకప్పుడు వేళగాని వేళ ఆ గంట కొట్టి ఊరందర్నీ పరిగెత్తించిన ఘనుణ్ణి నేనే. ఈసారి నేను కాదని చెబుతుండగానే కబురు వచ్చింది. మా సైన్సు టీచరమ్మగారు పోయారు. మంచాన పడలేదు. కాఫీ తాగి, వాకిట్లో కుర్చీలో కూర్చుని, అలాగే ఒరిగిపోయారట.

మిషను బడిలో నాకు ఎనిమిదో తరగతి దాకా సైన్సు చెప్పింది ఆవిడే. ఎనిమిదితో ఆగిపోవడం నా సొంత ప్రతిభ, అందులో ఆవిడ చేయి లేదు. ఓరోజు కప్ప ముందుకాలికి ఎన్ని వేళ్ళని అడిగారు. అయిదన్నాను.

"చూశావా, అనుకున్నావా?" అన్నారు.

ఆవిడ నోట నేను జీవితంలో ఎక్కువసార్లు విన్న మాట అదే. మర్నాడు ఒక కప్పని తెచ్చి ఆవిడ చేతిసంచిలో వేశాను. కెవ్వుమంటారని క్లాసంతా ఊపిరి బిగబట్టింది. ఆవిడ దాన్ని తాపీగా బయటికి తీసి, ముందుకాలు పట్టుకుని అందరిచేతా వేళ్ళు లెక్కపెట్టించారు. నాలుగు. కప్పని దొరికిన చోటే వదిలి రమ్మని నన్ను పంపారు. ఆ రోజుకి నా చదువు అంతే.

రిటైరయ్యాక ఆవిడ మా వీధిలోనే, మా ఇంటికి మూడిళ్ళ అవతల ఇల్లు తీసుకున్నారు. అలా చదువు మానేసిన ఇరవై ఏళ్ళకి మళ్ళీ ఆవిడ చేతికి చిక్కాను.

అప్పటికి సాగరు కాలవ నీళ్ళు మా పొలాలకి పారుతున్నాయి. నీళ్ళతోపాటు గట్ల వెంట మేమెన్నడూ చూడని మొక్కలు దిగాయి. అందులో ఒకటి గన్నేరాకులాంటి ఆకు, కాడ నిండా గణుపులు, కొసన చిన్న చిన్న పూల కంకి. నీటిగన్నేరు అని పేరు పెట్టి మావాళ్ళు ఊరుకున్నారు. టీచరమ్మ ఊరుకోలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని కాలవలోకి దిగి, ఇది ఒకటి కాదు మూడు అని తేల్చారు. ఇంట్లో పాత పేపర్ల మధ్య మొక్కలు పెట్టి, అణిగి ఎండడానికి పైన రుబ్బురోలు పొత్రం పెట్టేవారు. ఆవిడింట్లో పప్పు రుబ్బగా నేను చూడలేదు, పొత్రానికి అంత తీరిక ఎక్కడిది.

మూడింటికీ తేడా గణుపు దగ్గర ఉంటుంది. కాడని చుట్టుకుని ఉల్లిపొరలాంటి తొడుగొకటి ఉంటుంది. దాని అంచు నున్నగా ఉంటే ఒక రకం. పొడుగాటి వెంట్రుకలుంటే గడ్డం రకం. నిన్న గీసుకున్న గడ్డంలా పొట్టివి ఉంటే మూడోది. ఆ మూడోది ఘాటు మొక్క, గొడ్లకి పెట్టకూడదు. భూతద్దం పట్టుకుని గణుపులు చూసే ఓపిక అందరికీ ఉండదని ఆవిడే ఒక సులువు చెప్పారు. ఆకు కొస కొరికి చూడండి, నోరు మండితే పారేయండి అని.

నాకు ఖాళీ ఎక్కువ, బుద్ధి తక్కువ. మా గేదె తోకలోంచి వెంట్రుకలు ఏడు కత్తిరించి, తుమ్మజిగురుతో నున్నటి రకం గణుపుకి వరసగా అతికించి, నాలుగో రకం దొరికిందంటూ పట్టుకెళ్ళాను. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి భూతద్దం పెట్టారు. చాలాసేపు చూశారు. నేను నవ్వాపుకోలేక బుగ్గలు కొరుక్కుంటున్నాను.

"ఏరా, ఈ మొక్క పూటకి ఎన్ని పాలిస్తుంది?" అన్నారు.

శిక్షగా వంద గణుపులు భూతద్దంలో చూడమన్నారు. డెబ్బైదాకా చూసి వంద అన్నాను. "చూశావా, అనుకున్నావా?" అన్నారు. మిగిలిన ముప్ఫై కూడా చూశాను.

ఆ గేదే తరవాత మా ప్రాణాలు తోడింది. తొమ్మిదో నెల చూడి. చొప్ప తగ్గిపోయిందని నేను కాలవ గట్టు మీది పచ్చిక కోసుకొచ్చి నరికి, చొప్పలో కలిపి వేశాను. మధ్యాహ్నానికి నురగ కక్కుతూ, పెదాలు వాచి, మేత ముట్టకుండా నిలబడింది. మా ఆవిడ దాని మెడ పట్టుకుని ఏడుపు. ఇంట్లో పిల్లల గ్లాసుల్లోకి పాలు రావాలంటే ఆ ఒక్క గేదే దిక్కు. పైగా కడుపులో దూడ.

నాకు ఒకటే తోచింది. ఎదురింటివాడు ఏదో పెట్టాడు. అంతకు వారం ముందే వాడి సైకిలుని వాడి పందిరి మీదికి ఎక్కించాను, ఆ కక్ష తీర్చుకున్నాడనుకున్నాను. కర్ర తీసుకుని వీధిలోకి దిగాను. వాడూ చొక్కా చేతులు పైకి మడిచి గుమ్మంలోకి వచ్చాడు. మధ్యలో టీచరమ్మ.

"వాడు పెట్టడం చూశావా, అనుకున్నావా?"

"ఇంకెవరు పెడతారండీ, నా మీద పగున్నవాడు వాడే కదా."

"నీ మీద పగ లేనివాడు ఈ వీధిలో ఎవడో చెప్పు, వాణ్ణి వదిలేద్దాం. ఆ కర్ర అక్కడ పెట్టి, గాడిలో మిగిలిన మేత తీసుకురా."

ఎదురింటివాడు నవ్వాడు. ఆ నవ్వుకి నా కర్ర బరువెక్కింది. మేత తెచ్చి అరుగు మీద పోశాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, నరికిన నీటిగన్నేరు ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టారు. గణుపులన్నింటికీ పొట్టి గడ్డమే. ఘాటు మొక్క.

కొరికి చూడలేదా అని అడిగారు. ఒట్టు, చూశానండీ, మండలేదు అన్నాను. అంతకు ముందు ఏం తిన్నావన్నారు. పండుమిరపకాయ పచ్చడితో చద్దన్నం అన్నాను.

 ఆవిడ నుదురు కొట్టుకుని నవ్వారు.

"తప్పు సగం నీది, సగం నాదిరా. నేను చదివిన పుస్తకంలో మండుతుందని రాశారు. రాసినాయన మనూరి పచ్చడి తిని ఉండడు."

గేదె నోరు నీళ్ళతో కడిగించారు. ఎదురింటివాడే దాని దవడలు పట్టుకున్నాడు, నేను చెంబుతో పోశాను. పల్చటి గంజి తాగించాం. సాయంత్రానికి పశువుల డాక్టరు వచ్చి మందిచ్చి, ఆ మేత మళ్ళీ వేయొద్దని చెప్పి వెళ్ళాడు. మూడో రోజుకి గేదె నన్ను కుమ్మింది. బతికిందని అప్పుడు నమ్మాను. నెల తిరక్కుండా పెయ్య పుట్టింది. మొదటి జున్ను టీచరమ్మకి, రెండోది ఎదురింటికి వెళ్ళాయి. మా ఆవిడ లెక్కలో నాకు మూడో స్థానం కూడా రాలేదు.

ఆ తరవాత టీచరమ్మ భూతద్దం పట్టుకుని గడప గడపకీ తిరిగారు. కొరికి చూడమని నేను చెప్పిన మాట తప్పు, మర్చిపోండి, గణుపు చూడండి అని ప్రతి ఇంట్లోనూ చెప్పారు. అంత చదువుకున్న మనిషి మా వాకిళ్ళలో నిలబడి తన తప్పు తానే చెప్పుకోవడం నేను వెనకే నడిచి చూశాను. అనుకున్నది కాదు, చూశాను.

సమాధి కార్యక్రమం అయ్యాక సింగరాయకొండ నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలుగారు ఇల్లు సర్దుతూ నన్ను పిలిచి, పాత పేపరు మడత ఒకటి చేతిలో పెట్టారు. పైన నా పేరుంది. విప్పాను. నా మొక్కే. కింద ఆవిడ గుండ్రటి అక్షరాలు: రకం, గేదెతోక గన్నేరు. దొరికిన చోటు, మా వీధి. రుచి, ఈ ఊరివాళ్ళని అడగరాదు.

వెంట్రుకలు లెక్కపెట్టాను. ఏడూ ఉన్నాయి. తుమ్మజిగురు ఎండి ఎప్పుడో రెండు ఊడినట్టున్నాయి. వాటిని ఆవిడ సన్నటి కాగితపు పీలికలతో, సరిగ్గా నేను పెట్టిన చోటే, మళ్ళీ అతికించారు.