ఇలారియో బండ

నికాసియా చేతిలో సుత్తి ఉంటే అన్యాశ్వైకో రాతి క్వారీల లోయలో మగాళ్ళు కూడా ఆమెతో వాదానికి దిగేవాళ్ళు కాదు. మొగుణ్ణి చంపిన బండ పక్కనే మూడో వారానికల్లా ఉలి పట్టుకుని కూర్చున్న మనిషితో ఎవరికి వాదం?

ఆ బండ ఇల్లంత ఉండేది. ఆమె మొగుడు ఇలారియో రాయి విడదీయడానికి చీలలు దిగగొడుతుంటే చరియ చెప్పాపెట్టకుండా విరిగి అతని మీద పడింది. పదహారు మంది గునపాలేసి ఎత్తినా అంగుళం కదల్లేదు. ఆ తెల్లరాయి నీళ్ళు పీల్చినట్టే నెత్తురూ పీల్చుకుంది. మనిషిని చంపిన బండను ఉలి ముట్టకూడదని ఆ లోయలో తాతలనాటి కట్టుబాటు. శవాన్ని కిందే ఉంచి, దానిమీద శిలువ చెక్కి వదిలేశారు. నికాసియాకి అదే మొగుడి సమాధి. ఆరేళ్ళు ప్రతి సోమవారం దాని మొదట్లో చిచా, అదే మొక్కజొన్న కల్లు, పోసి, రెండు మాటలు మాట్లాడి, అప్పుడు పని మొదలుపెట్టేది.

ఆ జనవరిలో భూమి కంపించి అరెకిపా ఊళ్ళో చర్చి గోపురాలు కూలాయి. ఇక చూడండి, రాయి అంటే జనం ఎగబడ్డారు. సరిగ్గా అప్పుడే నికాసియా జ్వరంతో పది రోజులు మంచమెక్కింది. లేచి సోమవారం చిచా కుండతో వచ్చేసరికి బండ లేదు! ఆ చోట తెల్లటి పొడి, దిమ్మెల వరస. వరస పక్కన మెల్కియాదెస్, ఇలారియో సొంత తమ్ముడు.

"మీ అన్న బండేదిరా?"

"కంపించినప్పుడు దొర్లి పగిలిపోయింది వదినా. నేనేం చేసేది?"

ఒక దిమ్మె ఒక పక్క ఎర్రగా ఉంది. ఆమె చూపు అక్కడే ఆగింది.

"అదా? గులాబీ రాయి. పై క్వారీ నుంచి తెచ్చా."

నికాసియా ఉలి పెట్టి కొట్టింది. గులాబీ రాయైతే ఎంత లోతున చూసినా గులాబీయే. ఇది వేలెడు లోతు దాకా ఎరుపు, ఆ తర్వాత పాలలా తెలుపు.

"దొంగ వెధవా! అన్న సమాధి కోశావట్రా!"

"ఇంత మంచి రాయి లోయంతా వెతికినా లేదు. చచ్చినోడికెందుకే ఇది?"

ఆ మాట పూర్తయ్యీ కాకముందే దిమ్మె మీదున్న అతని కుడిచేతి మీద సుత్తి పడింది. ఎముకలు పటపటమన్నాయి. అతను కేక పెట్టి ఎడమచేత్తో గునపం తీసి ఆమె చెవి మీద బాదాడు. నెత్తురు భుజం దాకా కారింది. అయినా ఆమె ఆగలేదు. అదే చేతి మీద మళ్ళీ కొట్టింది, మళ్ళీ కొట్టింది. నలుగురు పరుగెత్తుకొచ్చి విడదీసేటప్పటికి ఆ చెయ్యి చెయ్యిలా లేదు.

"మీ అన్న ఎముకలేం చేశావురా?" అని అరిచింది.

"గోతాంలో... అదిగో, రాతిపొడి కింద..." అని అతను పొర్లాడుతూ ఏడ్చాడు.

గోతాం భుజానేసుకుని, చెవికి కొంగు అదుముకుని ఆమె ఊరికి నడిచింది. మెల్కియాదెస్ అమ్మిన దిమ్మెలు సగం అప్పటికే మళ్ళీ కడుతున్న చర్చి గోపురం మొదట్లో, ఎదురొమ్ము ఎత్తు వరసలోకి ఎక్కేశాయి. వాటిలోనూ ఎర్రమచ్చ ఉన్నది ఒకటి కనిపించగానే ఉలి తీసింది. మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"పీకొద్దమ్మా! పైన మనుషులున్నారు, అందరూ చస్తారు!"

ఆమె పైకి చూసింది. పరంజా మీద పన్నెండు మంది. పీకకుండా ఆ రాయి మీదే శిలువ చెక్కింది. ఎముకల్ని దాని కిందే పాతింది.

మెల్కియాదెస్ మళ్ళీ ఉలి పట్టలేదు. ఆమెకి ఎడమ చెవి వినపడలేదు. బతికినన్నాళ్ళూ సోమవారం వచ్చి ఆ గోడ మొదట్లో చిచా పోసేది.

"దేవుడి గోడకి కల్లు పోస్తావేమ్మా, సిగ్గులేదూ?" అని చర్చి కాపలావాడు ఒకసారి కసిరాడు.

"దేవుడిక్కాదయ్యా, మా ఆయనకి. అంత గోపురం మోస్తున్నాడు, దాహమెయ్యదూ?" అంది నికాసియా.